సీసాలోని గ్లూటాథయోన్, కణంలోని గ్లూటాథయోన్

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో చర్మ సౌందర్య క్లినిక్‌ల బోర్డుల మీద ఇప్పుడు గ్లూటాథయోన్ అనే పేరు తరచుగా కనిపిస్తోంది. పెళ్లి కుదిరిన అమ్మాయికి ముహూర్తానికి కొన్ని వారాల ముందు నుంచే దీన్ని సెలైన్‌లో కలిపి ఎక్కిస్తామంటారు. రంగు తేలుతుందని, ఒంట్లోని విషాలన్నీ కొట్టుకుపోతాయని, వయసు మీద పడదని చెబుతారు. ఆ మూడు మాటలకూ ఆధారంగా చూపించేది ఒక్కటే: గ్లూటాథయోన్ శరీరంలోని అతి ముఖ్యమైన యాంటీఆక్సిడెంట్, అంటే ఆక్సీకరణను అడ్డుకునే పదార్థం. ఆ మాట నిజమే. దాన్నుంచి సీసాల వ్యాపారం దాకా వేసిన దారే తప్పు. ఎక్కడ తప్పిందో తెలియాలంటే, ఈ పదార్థాన్ని పాతికేళ్ల పాటు విడవకుండా పట్టుకున్న ఆల్టన్ మైస్టర్ అనే అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త పరిశోధనలోకి వెళ్లాలి.

ముందు గంధకం సంగతి. మన ప్రొటీన్లను కట్టే ఇరవై అమైనో ఆమ్లాల్లో గంధకం ఉన్నవి రెండే, మెథియోనిన్, సిస్టీన్. వెంట్రుక కాలినప్పుడు ముక్కుపుటాలదిరేలా వచ్చే వాసన చాలావరకు సిస్టీన్‌లోని గంధకానిదే. ఆవర్తన పట్టికలో ఆక్సిజన్‌కు సరిగ్గా కింద గడిలో ఉన్నా, గంధకం పరమాణువు పెద్దది. బయటి ఎలక్ట్రాన్ల మీద దాని పట్టు కొంత వదులు. అందుకే అవసరమైన చోట ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తుంది, మరొక గంధకంతో జత కడుతుంది, ఎలక్ట్రాన్లు తిరిగి రాగానే ఆ జతను విడదీసుకుని మునుపటి రూపానికి వస్తుంది. ఇలా పోయి మళ్లీ రాగలగడమే గంధకం గొప్పతనం. ప్రాణమున్న ప్రతి కణమూ దీన్ని ఏదో ఒక రూపంలో వాడుకుంటుంది.

సిస్టీన్‌కు ఒకవైపు గ్లుటామిక్ ఆమ్లం, మరొకవైపు గ్లైసీన్ చేరితే గ్లూటాథయోన్. మూడే మూడు అమైనో ఆమ్లాల చిన్న అణువు. 1888లో ఫ్రాన్స్‌కు చెందిన దె రే-పాయాద్ ఈస్టులో దీని ఉనికిని పసిగట్టాడు. 1921లో కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్‌కిన్స్ దీన్ని వేరుచేసి ఈ పేరు పెట్టాడు. విటమిన్ల మీద చేసిన కృషికి 1929లో నోబెల్ అందుకున్న హాప్‌కిన్స్ ఈయనే. ఇందులో రెండే అమైనో ఆమ్లాలున్నాయని ఆయన మొదట ప్రకటించాడు. కెనడాకు చెందిన హంటర్, ఈగల్స్ లెక్క కుదరడం లేదని వాదించారు. హాప్‌కిన్స్ మళ్లీ ప్రయోగశాలకు వెళ్లి, మూడోదైన గ్లైసీన్ కూడా ఉందని 1929లో తానే తేల్చిచెప్పాడు. అంతటి పేరున్న మనిషి తన లెక్కను తానే దిద్దుకోవడం నాకు ఆ నోబెల్ కన్నా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

కణంలో ఇది ఎంత ఉంటుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కణం లోపల గ్లూటాథయోన్ గాఢత 1 నుంచి 10 మిల్లీమోలార్ వరకు ఉంటుంది. రక్తంలో చక్కెర ఉండేది సుమారు 5 మిల్లీమోలార్. అంటే మనం రోజూ పరీక్ష చేయించుకునే చక్కెరకు దీటైన మోతాదులో ఈ అణువు ప్రతి కణంలోనూ నిండి ఉంది. కణం బయట, రక్తద్రవంలో మాత్రం అది కొన్ని మైక్రోమోలార్లకు (మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు) మించదు. లోపలికీ బయటికీ వందల రెట్ల నుంచి వేల రెట్ల తేడా. ఈ తేడాను గుర్తుంచుకుంటే సెలైన్ సీసా కథ సగం అర్థమైనట్లే.

మైస్టర్ 1922లో న్యూయార్క్‌లో పుట్టాడు. వైద్యం చదివి, అమైనో ఆమ్లాల రసాయన శాస్త్రంలో స్థిరపడ్డాడు. 1967 నుంచి న్యూయార్క్‌లోని కోర్నెల్ వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్ర విభాగాన్ని నడిపాడు. గ్లూటాథయోన్ ఎలా తయారవుతుంది, ఎలా విరుగుతుంది, విరిగిన ముక్కలు ఎక్కడికి పోతాయి అన్న ప్రశ్నలను ఆయన బృందం ఒక్కో ఎంజైమ్‌నూ పట్టుకుని పరిష్కరిస్తూ వచ్చింది. తయారీ రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టులో గ్లుటామిక్ ఆమ్లం, సిస్టీన్ కలుస్తాయి. రెండో మెట్టులో గ్లైసీన్ వచ్చి చేరుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు, ఖర్చు. మొదటి మెట్టును నడిపే ఎంజైమ్ మీద గ్లూటాథయోన్‌దే పెత్తనం. సరిపడా తయారవగానే అదే వెళ్లి ఆ ఎంజైమ్‌ను అణచివేస్తుంది. కణం తన అవసరాన్ని తానే కొలుచుకుంటుందన్న మాట.

ఈ అదుపు తప్పితే ఏమవుతుందో ఒక నార్వే యువకుడి జబ్బు చూపించింది. 1970లో అక్కడి వైద్యులు వెల్లడించిన ఆ కేసులో, మూత్రంలో 5-ఆక్సోప్రొలీన్ అనే ఆమ్లం రోజుకు పదుల గ్రాముల కొద్దీ పోతోంది. ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. లోపం గ్లూటాథయోన్ తయారీలోని రెండో మెట్టులో ఉందని మైస్టర్ బృందం 1974లో తేల్చింది. చివరి సరుకు తయారుకాకపోవడంతో మొదటి ఎంజైమ్‌ను ఆపేవాడు లేడు. అది సగం సరుకును తయారుచేస్తూనే పోయింది. ఆ మిగులు ఆమ్లంగా మారి మూత్రంలోకి చేరింది. పుస్తకంలో గీసిన బాణాల పటం ఒక మనిషి జబ్బును ఇంత కచ్చితంగా వివరించడం అరుదు.

గ్లూటాథయోన్ విరిగే చోటు ఇంకా ఆసక్తికరం. గ్లుటామిక్ ఆమ్లం ఇందులో మామూలు పద్ధతిలో కాకుండా తన పక్క శాఖ ద్వారా సిస్టీన్‌తో ముడిపడి ఉంటుంది. ఆ వింత ముడి వల్ల కణంలోని సాధారణ కత్తెర ఎంజైమ్‌లు దాన్ని తెంచలేవు. తెంచగలిగేది ప్రధానంగా గామా గ్లుటామైల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్. అది కణం బయటి గోడ మీద ఉంటుంది, మూత్రపిండాల్లో మరీ ఎక్కువగా. కాలేయ పరీక్ష రిపోర్టు ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి, కింది వరుసల్లో జీజీటీ అని ఒక అంకె ఉంటుంది. మద్యం అలవాటున్నవారిలో, పిత్తనాళంలో అడ్డు ఏర్పడినవారిలో పెరిగే ఆ జీజీటీ ఈ ఎంజైమే. వైద్యుడు దాన్ని కాలేయానికి గుర్తుగా చూస్తాడు. దాని అసలు పని మాత్రం కణం బయటికి వచ్చిన గ్లూటాథయోన్‌ను విడగొట్టడం.

అమైనో ఆమ్లాలను కణంలోకి చేరవేయడానికే ప్రకృతి ఈ ఏర్పాటు చేసుకుందని మైస్టర్ 1970లో ప్రతిపాదించాడు. ఆ వాదన పూర్తిగా నిలబడలేదు. ఆయన 1995లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది జీజీటీ లేకుండా పుట్టించిన ఎలుకల మీద అధ్యయనం వెలువడింది. ఆ ఎలుకలు గ్లూటాథయోన్‌ను మూత్రంలో పారబోసుకున్నాయి, సిస్టీన్ కరువై గిడసబారాయి, కళ్లలో శుక్లాలు వచ్చాయి, చాలావరకు పది వారాలు నిండకుండానే చనిపోయాయి. తాగే నీటిలో ఒంటికి సిస్టీన్‌ను అందించే ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మందు కలిపి ఇస్తే కోలుకున్నాయి. అంటే జీజీటీ ముఖ్యంగా చేస్తున్నది సిస్టీన్‌ను పొదుపు చేసి తిరిగి వాడుకోనివ్వడం. గంధకం ఒంటికి అంత విలువైన సరుకు.

1979లో మైస్టర్, ఓవెన్ గ్రిఫిత్ కలిసి బీఎస్ఓ అనే మందును తయారుచేశారు. అది తయారీలోని మొదటి మెట్టును మూసేస్తుంది. గ్లూటాథయోన్ లేని ప్రాణి ఎలా ఉంటుందో చూసే అవకాశం దీనితో దొరికింది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఇస్తే కళ్లలో శుక్లాలు ఏర్పడ్డాయి. పెద్ద ఎలుకలకు ఇస్తే కండరాల్లో, ఊపిరితిత్తుల్లో కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు ఉబ్బి చెడిపోయాయి. మైటోకాండ్రియా గ్లూటాథయోన్‌ను సొంతంగా తయారుచేసుకోలేదు, కణద్రవం నుంచి తెచ్చుకోవాలి. ఆక్సిజన్‌ను మండించే చోటే ఆ నిల్వ ఖాళీ అయితే నష్టం మొదట అక్కడే కనిపించడంలో వింత లేదు.

మన సెలైన్ సీసాకు జవాబు సరిగ్గా ఈ ప్రయోగాల్లోనే ఉంది. దెబ్బతింటున్న ఎలుకలకు మామూలు గ్లూటాథయోన్ ఇస్తే ఉపయోగం కనిపించలేదు. దానికి ఒక చిన్న తోక తగిలించి, కణపు పొరను దాటగలిగేలా మార్చిన ఎస్టర్ రూపాన్ని ఇస్తే మైటోకాండ్రియాలు నిలిచాయి. రక్తంలోకి పంపిన గ్లూటాథయోన్ కణంలోకి నేరుగా వెళ్లదు. మూత్రపిండాల్లో, ఇతర చోట్ల ఉన్న జీజీటీ దాన్ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలనే కణం లోపలికి తీసుకుని, తనకు కావలసినంత మళ్లీ తయారుచేసుకుంటుంది. మనిషి రక్తంలోకి ఎక్కించిన గ్లూటాథయోన్ కొద్ది నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. నోటితో ఒకేసారి 3 గ్రాములు ఇచ్చినా రక్తంలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదని 1992లో ఒక చిన్న అధ్యయనం చూపింది. ఆరు నెలల పాటు రోజూ మాత్రలు వేసుకున్నవారిలో కొంత పెరిగిందని తరువాత మరొకటి చూపింది. పెరిగిన ఆ కొంత ఏ జబ్బును ఆపిందన్నది వేరే ప్రశ్న.

చర్మపు రంగు తగ్గించడానికి ఇంజెక్షన్ రూపంలో గ్లూటాథయోన్ వాడటం సురక్షితం కాదని ఫిలిప్పీన్స్ ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. తీవ్రమైన చర్మ ప్రతిచర్యలు, థైరాయిడ్ పనితీరులో తేడాలు, మూత్రపిండాల సమస్యలు ఆ హెచ్చరికలో ఉన్నాయి. నల్లగా పుట్టడం జబ్బు కాదు. జబ్బు కానిదానికి నరంలోకి సూది గుచ్చి, రసాయన శాస్త్రం పేరు వాడుకోవడం నాకు కడుపు మండే విషయం.

ఇదే గంధకం ప్రాణాలు నిలబెట్టే చోటు మరొకటుంది, పారాసెటమాల్ విషమించినప్పుడు. ఈ మందులో అధిక భాగం కాలేయంలో ఏ హానీ లేకుండా బయటికి పోయే రూపాల్లోకి మారుతుంది. కొద్ది శాతం మాత్రం ఎన్ఏపీక్యూఐ అనే దూకుడు పదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ వెంటనే దాన్ని పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. మామూలు మోతాదులో ఈ వ్యవహారం మన ఎరుకలోకే రాదు. మోతాదు మించితే గ్లూటాథయోన్ నిల్వ కరిగిపోతుంది. అది దాదాపు 70 శాతం ఖర్చయ్యేదాకా కాలేయ కణాలు నిలదొక్కుకుంటాయని, ఆ తరువాత కుప్పకూలతాయని 1973లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు.

కాలేయానికి కావలసింది గ్లూటాథయోన్. అది కణంలోకి వెళ్లదు కాబట్టి, దాని తయారీకి కావలసిన సిస్టీన్‌ను అందించాలి. ఎడిన్‌బరోలో లారీ ప్రెస్కాట్ మొదట సిస్టియమైన్ అనే గంధక సమ్మేళనం వాడాడు, రోగులు వాంతులతో అల్లాడారు. తరువాత ఎన్-అసిటైల్ సిస్టీన్‌కు మారాడు. కఫం పలచబడటానికి నీళ్లలో వేసి పొంగించి తాగే మాత్ర ఉంటుంది కదా, మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది, అందులో ఉన్న మందు ఇదే. 1979లో ఆయన 100 మంది రోగుల ఫలితాలు ప్రకటించాడు. మాత్రలు మింగిన 10 గంటల్లోపు చికిత్స అందిన 62 మందిలో కాలేయం తీవ్రంగా దెబ్బతిన్నది ఒక్కరికే. 10 గంటలు దాటాక అందిన 38 మందిలో 20 మందికి దెబ్బతింది. మొదటి రోజు రోగి బాగానే ఉన్నట్లు కనిపిస్తాడు, కాలేయం చెడటం మూడు, నాలుగు రోజులకు బయటపడుతుంది. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడటం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది. జలుబు మాత్రల్లోనూ, ఒళ్లు నొప్పుల మాత్రల్లోనూ పారాసెటమాల్ వేర్వేరు పేర్ల చాటున ఉంటుంది. పెద్దవారికి రోజంతటికీ కలిపి 4 గ్రాములు గరిష్ఠం. కొన్నాళ్లుగా సరిగా తినని మనిషికి, రోజూ తాగే మనిషికి అది కూడా ఎక్కువే కావచ్చు, వారి గ్లూటాథయోన్ నిల్వ ముందే తగ్గి ఉంటుంది.

ఇక ఆక్సీకరణ ఒత్తిడి. 1985లో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌కు చెందిన హెల్ముట్ సీస్ ఈ భావనకు రూపమిచ్చాడు: ఆక్సీకరణ జరిపే పదార్థాలకూ, వాటిని అడ్డుకునేవాటికీ మధ్య తూకం మొదటివాటి వైపు మొగ్గడం. ఇది జనంలోకి వచ్చేసరికి ఆక్సీకరణ అంటే విషం, యాంటీఆక్సిడెంట్ అంటే అమృతం అన్నంత తేలికైపోయింది. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలోనూ హైడ్రోజన్ పెరాక్సైడ్ నిరంతరం తయారవుతూనే ఉంటుందని 1970లో చూపించినవారిలో ఇదే సీస్ ఒకడు. ఆ కొద్దిపాటి పెరాక్సైడ్ కణానికి సందేశం. ప్రొటీన్ల మీద అక్కడక్కడ ఉన్న సిస్టీన్ గంధకాలు దాన్ని తాకి రూపు మార్చుకుంటాయి, దాంతో ప్రొటీన్ పని మారుతుంది.

జపాన్‌లో మసయుకి యమమోటో బృందం 1999లో వెలికితీసిన కీప్1 అనే ప్రొటీన్ దీనికి మంచి ఉదాహరణ. మామూలప్పుడు అది ఎన్ఆర్ఎఫ్2 అనే మరో ప్రొటీన్‌ను అదుపులో పెట్టుకుని ఉంటుంది. ఆక్సీకరణ పెరిగి కీప్1 మీది గంధకాలకు సెగ తగిలితే పట్టు సడలుతుంది. ఎన్ఆర్ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి, గ్లూటాథయోన్ తయారుచేసే ఎంజైమ్‌లతో సహా ఎన్నో రక్షణ ఎంజైమ్‌ల జన్యువులను మేల్కొలుపుతుంది. ఆవపిండిలో నీళ్లు తగిలినప్పుడు ఘాటు పుడుతుంది కదా, ఆవ గింజలో విడిగా ఉన్న సినిగ్రిన్ అనే పదార్థాన్ని మైరోసినేజ్ అనే ఎంజైమ్ తడిలో కలిసి ఐసోథయోసయనేట్‌గా మార్చడం వల్ల అది వస్తుంది. అదీ గంధక సమ్మేళనమే. బ్రోకలీలోని సల్ఫోరాఫేన్ దీనికి దగ్గరి చుట్టం. 1992లో జాన్స్ హాప్‌కిన్స్‌లో పాల్ తలాలె బృందం దాన్ని గుర్తించింది. ఇవి యాంటీఆక్సిడెంట్లుగా పనిచేయవు. కీప్1 గంధకాన్ని గిల్లి, కణం తన రక్షణను తానే పెంచుకునేలా చేస్తాయి. ఆవకాయ తింటే జబ్బులు రావని దీనికి అర్థం కాదు, అందులోని ఉప్పు సంగతి అందరికీ తెలుసు.

కణం మాట వినకుండా మనమే బయటి నుంచి యాంటీఆక్సిడెంట్లు కుమ్మరిస్తే ఏం జరిగిందో చరిత్రలో ఉంది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ ఇచ్చినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. విటమిన్ ఇ మాత్రలు ప్రొస్టేట్ క్యాన్సర్‌ను 17 శాతం పెంచాయని అమెరికాలోని మరో పెద్ద పరీక్ష 2011లో తేల్చింది. 2009లో జర్మన్ పరిశోధకులు వ్యాయామం చేసేవారికి విటమిన్ సి, ఇ మాత్రలు ఇచ్చి చూశారు. వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరులో రావలసిన మెరుగుదల ఆ మాత్రలతో రాకుండా పోయింది. కండరం కష్టపడినప్పుడు పుట్టే ఆక్సీకరణే ఆ మెరుగుదలకు పిలుపు. పిలుపును మనమే మూసేశాం.

క్యాన్సర్‌లో ఈ చిక్కు మరీ బిగుసుకుంటుంది. కణితి కణాలూ బతకడానికి గ్లూటాథయోన్‌నే అడ్డుపెట్టుకుంటాయి. ఊపిరితిత్తుల కణితి మొదలైన ఎలుకలకు ఎన్-అసిటైల్ సిస్టీన్, విటమిన్ ఇ ఇస్తే కణితులు వేగంగా పెరిగాయని 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. అదే ఎన్-అసిటైల్ సిస్టీన్, పారాసెటమాల్ మింగిన రోగిని బతికించేది. మరుసటి ఏడాది టొరంటో పరిశోధకులు మైస్టర్ తయారుచేసిన బీఎస్ఓతో ఎలుకల్లో గ్లూటాథయోన్ తయారీని ఆపారు. కణితి ఇంకా పుట్టకముందు ఇస్తే పుట్టడమే తగ్గింది. పుట్టిన తరువాత ఇస్తే పని చేయలేదు, కణితి అప్పటికే థయోరెడాక్సిన్ అనే మరో గంధక వ్యవస్థ మీదికి మారిపోయింది. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఆరోగ్యానికి మంచిదని సొంతంగా యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకోవడం ఎందుకు ప్రమాదమో ఈ ప్రయోగాలు చూస్తే తెలుస్తుంది. డాక్టరుకు చెప్పకుండా ఆ పని చేయకూడదు.

గ్లూటాథయోన్ నిల్వ ఎంతున్నా, వాడిన దాన్ని తిరిగి నిలబెట్టుకోలేకపోతే ఆ నిల్వ నిలవదు. ఒక్కో హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువును నీరుగా మార్చడానికి రెండు గ్లూటాథయోన్‌లు తమ ఎలక్ట్రాన్లు ఇచ్చి జంటగా కలిసిపోతాయి. ఆ జంటను విడదీయడానికి ఎలక్ట్రాన్లు అందించే ఎన్ఏడీపీహెచ్ అనే అణువు కావాలి. ఎర్ర రక్తకణంలో కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు. ఎన్ఏడీపీహెచ్ కోసం జీ6పీడీ అనే ఒకే ఒక ఎంజైమ్ దారి మీద ఆధారపడుతుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే బలహీనంగా ఉన్నవారు ప్రపంచంలో 40 కోట్లకు పైగా ఉన్నారు. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటంతో మగవారిలో లోపం ఎక్కువగా బయటపడుతుంది. మామూలు రోజుల్లో వీరికి ఏ ఇబ్బందీ ఉండదు. తగని మందో పదార్థమో ఒంట్లోకి వెళ్లిన రోజు ఎర్ర రక్తకణాలు గుంపులుగా పగిలిపోతాయి.

దీన్ని కనుక్కున్నది ప్రైమాక్విన్ అనే మలేరియా మందు వల్ల. అమెరికాలోని ఇలినాయ్‌లో స్టేట్‌విల్ జైలు ఖైదీల మీద ఆ మందును పరీక్షించారు. జైల్లో ఉన్న మనిషి ఇచ్చే సమ్మతికి ఎంత విలువ ఉంటుందన్న ప్రశ్న ఆ పరిశోధనను ఇప్పటికీ వదలలేదు. కొందరికి రక్తకణాలు పగిలిపోతుంటే వెతికి చూశారు. వారి కణాల్లో గ్లూటాథయోన్ తక్కువగా ఉందని మొదట, కారణం జీ6పీడీ లోపమని 1956లో తేలింది.

మన ఇళ్లలో ఇది వచ్చే దారి బీరువాలో ఉంటుంది. పసిపిల్లల కోసం దాచిన పాత బట్టల మధ్య వేసే కలరా ఉండలు నాఫ్తలీన్‌తో చేసినవైతే, ఆ వాసన పట్టిన బట్టల్లో చుట్టిన జీ6పీడీ లోపమున్న శిశువుకు రక్తకణాలు పగిలి కామెర్లు ముదరవచ్చు. అలాంటి బట్టలను ఉతికి, ఎండలో బాగా ఆరవేశాకే వాడాలి, ఆ ఉండలను పిల్లల గది దరిదాపుల్లో ఉంచకూడదు.

వైవాక్స్ మలేరియా కాలేయంలో దాక్కుని మళ్లీ మళ్లీ తిరగబెట్టకుండా మన దేశంలో ప్రైమాక్విన్‌ను 14 రోజుల పాటు ఇస్తారు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలోనూ, భద్రాద్రి కొత్తగూడెం అడవి గ్రామాల్లోనూ మలేరియా వచ్చిన మనిషికి ఈ మందు అవసరం, ఆ మందు పడుతుందో లేదో ముందుగా తెలియడమూ అంతే అవసరం. జీ6పీడీ పరీక్షకు కావలసింది కొద్దిపాటి రక్తం. లోపం ఉందని తేలినవారికి వారానికి ఒకసారి చొప్పున 8 వారాల పాటు, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. పరీక్ష జరగని చోట మందు మొదలుపెట్టాక మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే, కళ్లు పచ్చబడితే, మెట్లెక్కితేనే ఆయాసం వస్తే ఆ పూటే మందు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.